వాయించని గిటారు, చేయని కర్మ

వాయించకుండా పెట్టెలో దాచిన గిటారు ఎందుకు చెడిపోతుంది? వినడానికి చిన్న ప్రశ్నే. దీని వెనక మాత్రం మన మీమాంసకులూ వేదాంతులూ తరాల తరబడి వాదించుకున్న ప్రశ్న ఒకటి ఉంది. చేయవలసింది చేయకపోతే దోషం వస్తుందంటారు. ఆ దోషం ఎక్కడ పుడుతుంది? చేయలేదంటే అక్కడ ఏమీ జరగలేదనే కదా. ఏమీ జరగని చోట కీడు ఎలా మొలుస్తుంది?

నేను డిగ్రీ కాలేజీలో సంస్కృతం చెప్పి రిటైరైనవాణ్ణి. విశాఖపట్నంలో పెదవాల్తేరులో ఉంటాం. సాయంత్రం కిటికీ తీస్తే సముద్రపు గాలి నేరుగా ఇంట్లోకొస్తుంది. యూనివర్సిటీలో చదివే రోజుల్లో పట్టుకున్న ఎలక్ట్రిక్ గిటారును ఇప్పటికీ వదల్లేదు. పగలు క్లాసులో అర్థసంగ్రహమనే మీమాంస గ్రంథం చెప్పి, రాత్రి అలెన్ కీ పట్టుకుని కూర్చోవడం చాలా ఏళ్లు నా దినచర్య. మా వీధి చివరి చర్చిలో ఆరాధనకు వాయించే కుర్రాళ్లకు ఈ సంగతి తెలుసు. క్రిస్మస్ దగ్గర పడుతుంటే ఒకరి తర్వాత ఒకరు గిటార్లు భుజాన వేసుకుని వస్తారు. భోజనాల బల్ల మీద పాత దుప్పటి పరిచి, గిటారు మెడ కింద తువ్వాలు చుట్టి పెట్టి, ఒక్కొక్కటీ చూస్తాను. నాకు ఇంతకంటే ఇష్టమైన పని లేదు.

అలా వచ్చిన ఒకబ్బాయి, "నేను ముట్టుకోనే లేదండీ మాస్టారూ. పరీక్షలని పెట్టెలో పెట్టేశాను. మొన్న తీస్తే ఇలా ఉంది" అన్నాడు. తీగల మీద తుప్పు చుక్కలు. పన్నెండో ఫ్రెట్టు దగ్గర తీగ బాగా పైకి లేచింది, నొక్కితే వేలు నొప్పి పుడుతోంది. ముట్టుకోలేదన్నది తన తప్పేమీ లేదనడానికి అతను చెప్పుకున్న సాక్ష్యం. నాకు అక్కడే అసలు చిక్కు కనిపించింది.

గిటారు ఊరికే ఉన్నట్టు కనిపిస్తుంది, ఊరికే ఉండదు. మామూలుగా వాడే 10–46 తీగల సెట్టును 25.5 అంగుళాల కొలత ఉన్న గిటారుకు కట్టి శ్రుతి చేస్తే, ఆరు తీగలూ కలిసి సుమారు 45 కిలోల బలంతో మెడను ముందుకు లాగుతుంటాయి. వాయించినా, వాయించకపోయినా, అర్ధరాత్రి ఇల్లంతా నిద్రపోతున్నా ఆ లాగుడు ఆగదు. దానికి మెడ వంగిపోకుండా లోపల ఒక ఉక్కు కడ్డీ ఉంటుంది, ట్రస్ రాడ్. గిబ్సన్ కంపెనీలో పనిచేసిన థాడియస్ మెక్‌హ్యూకు 1923లో దీని మీద పేటెంటు వచ్చింది. కడ్డీ చివరి నట్టును బిగిస్తే మెడ వెనక్కి వస్తుంది, వదులు చేస్తే తీగలు దాన్ని ముందుకు లాక్కుంటాయి. రెండు లాగుళ్ల మధ్య మెడ నిలిచి ఉంటుంది. అదీ బొత్తిగా తిన్నగా నిలవకూడదు. మొదటి ఫ్రెట్టు మీద క్యాపో పెట్టి, చివరి ఫ్రెట్టు దగ్గర తీగను నొక్కి పట్టి చూస్తే, ఏడో ఎనిమిదో ఫ్రెట్టు దగ్గర తీగ కింద సుమారు పావు మిల్లీమీటరు సందు ఉండాలి. తీగ ఊగడానికి ఆ మాత్రం చోటు కావాలి. ఫీలర్ గేజ్ రేకును ఆ సందులోకి జరిపి, తీగ కదలకుండా రేకు దూరేదాకా పావు చుట్టు, అరపావు చుట్టు తిప్పుకుంటూ పోతాను.

దీనికి తోడు తేమ. గాలిలో 45 నుంచి 55 శాతం తేమ ఉంటే గిటారు చెక్క కుదురుగా ఉంటుంది. మా ఊళ్లో వానాకాలం దాన్ని ఎప్పుడో దాటిపోతుంది, రాత్రంతా ఏసీ వేసిన గదిలో మళ్లీ కిందికి దిగుతుంది. చెక్క తేమను పీల్చి ఉబ్బుతుంది, వదిలి ముడుచుకుంటుంది. ఒక్కో మెడది ఒక్కో తీరు. తీగలు ఉక్కువి. నికెల్ పూత ఉన్నా ఉప్పుగాలి ముందు ఎక్కువ కాలం నిలవవు.

లియో ఫెండర్ 1950లో తన తొలి ఎస్క్వైర్ గిటార్లను ట్రస్ రాడ్ లేకుండానే తయారు చేశాడు. గట్టి మేపుల్ చెక్క కదా, వంగదని ఆయన నమ్మకం. మెడలు వంగాయి, కొద్ది నెలల్లోనే రాడ్డు వచ్చి చేరింది. అంతటి పనివాడిని తప్పుపట్టడానికి ఈ మాట చెప్పడం లేదు. ఒక్కసారి గట్టిగా చేసేస్తే ఇక మళ్లీ చూడనక్కర్లేదన్న ఆశ మనుషులందరికీ ఉంది. మోక్షం గురించి కూడా చాలామంది ఇలాగే ఆశపడతారు.

మీమాంసలో కర్మలు మూడు రకాలు. ఏదో కోరి చేసేది కామ్యం. ఒక సందర్భం వస్తే చేసేది నైమిత్తికం, గ్రహణస్నానం లాంటిది. ఏ కోరికా ఏ సందర్భమూ లేకుండా రోజూ చేయాల్సింది నిత్యం, సంధ్యావందనం లాంటిది. నా బల్ల మీది పనులు కూడా ఇలాగే విడిపోతాయి. రికార్డింగు ఉందని, ఫలానా రకంగా మోగాలని గిటారును సిద్ధం చేయడం కామ్యం. తీగ తెగితే మార్చడం నైమిత్తికం. వాయించడం అయ్యాక పొడిగుడ్డతో తీగలు తుడవడం నిత్యం. తుడిచినందుకు గిటారు ఇంకా మధురంగా మోగదు. నిన్న ఎలా ఉందో ఇవాళా అలా ఉంటుంది, అంతే.

చిన్నప్పుడు నాన్నగారిని అడిగాను, సంధ్య వారిస్తే ఏమొస్తుందని. "రావడానికి చేసేది కాదురా ఇది" అన్నారు. ఆ జవాబు చాలక ఎమ్మే దాకా మోసుకెళ్లాను. అక్కడ తెలిసింది, దీని మీద పెద్దల్లోనే ఏకాభిప్రాయం లేదని. కుమారిలభట్టు సంప్రదాయం వారు నిత్యకర్మ వల్ల పాత దురితం తరుగుతుందనీ, చేయకపోతే ప్రత్యవాయం, అంటే కీడు కలుగుతుందనీ చెప్పారు. సంధ్యావందనం సంకల్పంలో మనం చెప్పుకునేదీ దాదాపు ఇదే, పోగైన దురితం క్షయం కావాలని. ప్రభాకరుడి మార్గం వారు ఇంకా కఠినులు. విధి ఉంది కనుక చేయాలి, దానికి వేరే ఫలం వెతకొద్దన్నారు. నాన్నగారు ఆ గ్రంథాలు చదవలేదు గానీ ఆయన జవాబు ప్రాభాకరుల జవాబే.

శంకరులు ఈ వాదాన్ని వేరే వైపు నుంచి పట్టుకున్నారు. తైత్తిరీయ భాష్యం మొదట్లోనూ గీతాభాష్యంలోనూ ఆయన అడిగేది ఒక్కటే. అకరణం, అంటే చేయకపోవడం, ఒక అభావం. అభావం నుంచి భావరూపమైన దోషం ఎలా పుడుతుంది? ఛాందోగ్యంలో ఉద్దాలకుడు శ్వేతకేతువుకు చెప్పిన సంగతినే ఇక్కడ ఆధారంగా తెచ్చుకుంటారు. లేనిదాని నుంచి ఉన్నది రాదు. మరి నిత్యకర్మ మానేసినవాడికి కీడు జరుగుతుందని శాస్త్రం అంటుందే? ఆ కీడుకు కారణం మునుపే పోగుపడ్డ దురితమనీ, మానేయడం దానికి గుర్తు మాత్రమేననీ ఆయన సమాధానం.

ఏళ్ల తరబడి ఈ వాక్యాలు విద్యార్థులకు చెప్పాను. వాదం ఒప్పుగానే కనిపించేది, కానీ చేతికి తగిలేది కాదు. ఆ అబ్బాయి గిటారు మెడను కళ్ల దగ్గర పెట్టుకుని, ఒక కన్ను మూసి, బ్రిడ్జి వైపు నుంచి అంచు వెంబడి చూసినప్పుడు తగిలింది. ఆ వంపు అతను ముట్టుకోకపోవడం వల్ల రాలేదు. 45 కిలోల లాగుడు వల్ల వచ్చింది. తుప్పు తుడవకపోవడంలోంచి రాలేదు, ఉప్పులోంచీ చివరిసారి వాయించినప్పటి చెమటలోంచీ వచ్చింది. అతను చేయనిది ఏదీ గిటారును పాడు చేయలేదు. ముందే ఉన్నవి తమ పని తాము చేసుకుపోయాయి. కారణం ఏమిటన్న ప్రశ్న వరకు శంకరులదే సరైన మాటని నేను నమ్ముతున్నాను.

అయితే కుమారిలుడి పక్షాన నేనొక మాట చెప్పాలి. వాయించనప్పుడు తీగలు బాగా వదులు చేసి పెడితే సరిపోతుందని కొందరు సలహా ఇస్తారు. తీగల లాగుడు పోతే రాడ్డు లాగుడు ఒక్కటే మిగులుతుంది, మెడ ఈసారి వెనక్కి వంగుతుంది. రాడ్డు కూడా వదిలేద్దామా అంటే తేమ ఉంది, చెక్క ఉంది. ఎక్కడికి వెళ్లినా సున్నా దొరకదు. చేయకపోవడం అభావమే కావచ్చు, కానీ మనం నిలబడిన చోట అభావం ఎక్కడా లేదు. అన్ని వైపుల నుంచీ లాగుళ్లు ఉన్న చోట, చేయకపోవడమంటే ఆ లాగుళ్లలో బలమైనదానికి గిటారును అప్పగించడమే. కీడు అకరణంలోంచి పుట్టకపోయినా, అకరణం తలుపు తీస్తుంది. మీమాంసకుడు కారణం చెప్పడంలో తప్పాడేమో గానీ, రోజూ చేయమనడంలో తప్పలేదు. ఏదో ఒక రోజు చేసి వదిలేసే పని కాదిదని ఆయనకు తెలుసు, ఎందుకంటే అవతలివైపు సెలవు లేదు.

శాస్త్రం తెలిసినవారు ఇక్కడ అడ్డు చెబుతారు. తుప్పు కంటికి కనిపిస్తుంది, ప్రత్యవాయం కనిపించదు, రెండింటినీ ఒకే గాటన ఎలా కడతావని. న్యాయమైన అభ్యంతరమే. కనిపించే ప్రయోజనం దొరికినప్పుడు కనిపించనిదాన్ని ఊహించకూడదన్నది మీమాంసకుల సూత్రమే కూడా. వాళ్లే దీనికి వడ్ల ఉదాహరణ చెప్పారు. యజ్ఞానికి వడ్లు దంచమని విధి. దంచితే పొట్టు పోతుంది, అది దృష్టఫలం. కానీ గోళ్లతో ఒలిచినా పొట్టు పోతుంది కదా. అయినా దంచమనే ఎందుకు నియమించారు? ఆ నియమాన్ని పాటించడంలో కంటికి కనిపించని విశేషం ఒకటి ఉందని వారి సమాధానం.

నా సందేహం కూడా సరిగ్గా అక్కడే. సెటప్ అంతా డబ్బిచ్చి దుకాణంలో చేయించుకోవచ్చు, మెడ తిన్నగా వస్తుంది, పొట్టు పోయినట్టే. మరి ఇంట్లో సొంత చేత్తో చేయడంలో మిగిలేదేమిటి? నా వరకు చెప్పగలను. పావు చుట్టు తిప్పి, మళ్లీ శ్రుతి చేసి, చెక్క సర్దుకునేదాకా ఆగి, మరునాడు మళ్లీ కొలిచే అలవాటు మనిషిని మారుస్తుంది. ఏ ఫ్రెట్టు దగ్గర తీగ గరగరమంటోందో చెవికి ముందే తెలుస్తుంది. మార్పు చూసి చిరాకుపడటం తగ్గుతుంది. ఆత్మజ్ఞానం కలగనివాడికి నిత్యకర్మ చిత్తశుద్ధికి పనికొస్తుందని శంకరులు ఒప్పుకున్నది దీన్నే అయి ఉంటుందని నా ఊహ. దీన్ని అదృష్టమని, అంటే కంటికి కనిపించని ఫలమని పిలవనక్కర్లేదు. గిటారులో కనిపించకపోవచ్చు, చేసేవాడిలో కనిపిస్తుంది.

క్రమం గురించి కూడా ఒక మాట. జైమిని సూత్రాల్లో ఐదో అధ్యాయమంతా క్రమానిదే, ఏది ముందు ఏది వెనక అని. అగ్నిహోత్రం చేయాలని ముందు చెప్పి, గంజి వండాలని తర్వాత చెప్పిన చోట, చెప్పిన వరసను పట్టుకోకూడదంటారు. ఆ గంజితోనే హోమం గనుక ప్రయోజనాన్ని బట్టి వంటే ముందు. సెటప్‌లో కుర్రాళ్లు తడబడేది ఇక్కడే. స్వరం తేడా వస్తోందని ముందుగా బ్రిడ్జి మీద తీగలు ఆనే శాడిళ్ల స్క్రూలు తిప్పుతారు. కొత్త తీగలు కట్టి, శ్రుతి చేసి, మెడ వంపు చూసి, తీగల ఎత్తు సరిచేశాకే ఇంటొనేషన్ జోలికి వెళ్లాలి. ముందరిది మారితే వెనకదంతా మారిపోతుంది. మధ్యలో మిగతా పనులు: రోజ్‌వుడ్ ఫ్రెట్‌బోర్డు మీద జిడ్డు తీసి పలుచగా లెమన్ ఆయిల్ పూయడం, వంటింటి నూనెలు ఏవీ దాని దగ్గరికి రానివ్వకపోవడం, సన్న స్టీల్ ఊల్‌తో ఫ్రెట్లు రుద్దేటప్పుడు ఇనుప రజను అయస్కాంతాలకు అంటుకోకుండా పికప్‌ల మీద టేపు వేయడం, గరగరమనే వాల్యూం నాబ్‌లో కాంటాక్ట్ క్లీనర్ కొట్టి అటూ ఇటూ తిప్పడం.

ఇంటొనేషన్ దగ్గర మాత్రం నేను ఎక్కువసేపు ఆగుతాను. పన్నెండో ఫ్రెట్టు మీద తీగను మెల్లగా తాకి హార్మోనిక్ వినాలి, అదే చోట నొక్కి మళ్లీ వినాలి. నొక్కినది ఎక్కువ స్థాయిలో పలికితే శాడిల్‌ను వెనక్కి జరిపి తీగ పొడవు పెంచాలి, తక్కువగా పలికితే ముందుకు తేవాలి. ట్యూనర్ ముల్లు రెండింటికీ మధ్యలో నిలిచేదాకా ఇదే పని. అంతా అయ్యాక అబ్బాయి ఇ మేజర్ పట్టి, "మూడో తీగ ఇంకా కొంచెం తేడాగా ఉందండీ" అంటాడు. నిజమే. గిటారు ఫ్రెట్లు స్థాయిని పన్నెండు సమభాగాలు చేసి కొట్టినవి. చెవికి తియ్యగా తోచే 5:4 గాంధారం 386 సెంట్లు, ఫ్రెట్టు ఇచ్చేది 400. ఆ 14 సెంట్ల తేడా ఏ సెటప్‌తోనూ పోదు. ఇ మేజర్ తియ్యగా ఉండేలా మూడో తీగను దించితే, ఆ తీగను వదిలి వాయించే జి మేజర్ చెడుతుంది. మా పక్క జిల్లాలో బొబ్బిలి దగ్గరి గొల్లపల్లి వీణల మెట్లు మైనంలో నిలబెట్టినవి, మేళం కట్టేవారు వాటిని మళ్లీ జరపగలరు. గిటారు ఫ్రెట్టును కొట్టేశాక జరపలేం.

అంటే ఎంత చేసినా పూర్తి కాని పని ఇది. పూర్తి కాని పనిని చేసినట్టు లెక్కేనా? దీనికి జైమిని సూత్రాల ఆరో అధ్యాయంలో నాకు ఎంతో ఊరటనిచ్చిన ఒక నిర్ణయం ఉంది. కామ్యకర్మకు అంగాలన్నీ సమకూరాలి, ఒక్కటి తగ్గినా ఫలం రాదు. నిత్యకర్మ అలా కాదు. యథాశక్తి చేస్తే చాలు, ఏదో ఒక అంగం కుదరకపోయినా అది చేసినట్టే. జీవితాంతం చేయమన్న పనికి రోజూ అన్నీ సమకూరాలని పట్టుబట్టడం మనిషికి సాధ్యం కాదని ఆ ప్రాచీనులకు తెలుసు. మీమాంసను శుష్కమైన యాజ్ఞిక తర్కమనేవారు ఈ అధికరణం చదవాలని నా కోరిక. ఇంత దయగల తర్కం నేను చాలా తక్కువ చోట్ల చూశాను.

ఆ అబ్బాయికి ఇదంతా చెబుతుంటే శ్రద్ధగా విని, "మా పాస్టరు గారు వేరేలా చెప్తారండీ. మనం చేసే పనుల వల్ల రక్షణ రాదు, అది దేవుడి కృప అంటారు" అన్నాడు. మరి ఎందుకు చేయాలని అడిగాను. కాసేపు ఆలోచించి, "ఆదివారం నా గిటారు శ్రుతి తప్పితే పాడేవాళ్లు తడబడతారండీ. ముసలమ్మలు నా తీగ విని స్వరం అందుకుంటారు" అన్నాడు. ఫలం తనకు కాకుండా పక్కవాళ్లకు చేరే నిత్యకర్మ గురించి నా పుస్తకాల్లో వెతకాల్సి వస్తే గీతలోని లోకసంగ్రహం దగ్గరికి వెళ్లాలి. అతనికి అంత దూరం అక్కర్లేకపోయింది. కృపను నమ్మేవాడికీ విధిని నమ్మేవాడికీ గుడ్డతో తీగ తుడిచే చోట తేడా నాకు కనిపించలేదు. తేడా ఉంది, దాన్ని చిన్నది చేయను. అది తుడిచాక ఏమనుకుంటామన్న దాంట్లో ఉంది.

అతని గిటారు విషయానికొస్తే, రాడ్డు నట్టు అప్పటికే చివరిదాకా బిగిసి ఉంది. ఇంకా తిప్పితే లోపల తెగుతుంది. మెడను వేడితో సరిచేయడానికీ, ఫ్రెట్లు చదును చేసి వేయడానికీ కావలసిన పనిముట్లు నా దగ్గర లేవు. ఉన్నదాంతో చేయగలిగింది చేశాను. 10–46 తీసేసి 9–42 సెట్టు కట్టాను. లాగుడు సుమారు 38 కిలోలకు దిగుతుంది, మెడ కొంత వెనక్కి వచ్చింది. వెనక స్ప్రింగులు కొంచెం వదులు చేసి బ్రిడ్జిని మళ్లీ తూకానికి తెచ్చాను. శాడిళ్లు దించగలిగినంత దించాను. పదిహేనో ఫ్రెట్టు పైన గరగర మిగిలిపోయింది.

"దీంతో వాయించొచ్చాండీ?" అని అడిగాడు.

"ఆదివారం ఆరాధనకు నిక్షేపంగా వాయించు, పైఫ్రెట్ల జోలికి వెళ్లకు. రికార్డింగు ఏదైనా ఒప్పుకుంటే మాత్రం ముందు మెడ బాగుచేయించు" అన్నాను. కేసులో వేసుకోవడానికి పాత బనీను గుడ్డ ఒకటి చింపి ఇస్తే, మడిచి హెడ్‌స్టాక్ పక్కన పెట్టుకున్నాడు.